‘నీ వయసుకు అది రాదులే’ అంటే సరిపోదు: చిన్న వయసు ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్, ఇంటివాళ్లు చేయాల్సిన పని

బిడ్డకు ఏడు నెలలు. పాలిచ్చేటప్పుడు తల్లికి కుడి రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగులుతుంది. నొప్పి లేదు. అత్తగారికి చెబితే ‘పాలు గడ్డకట్టి ఉంటాయి, వేడి నీళ్లతో కాపడం పెట్టు’ అంటుంది. నెల తర్వాత వీధి చివర క్లినిక్‌కు వెళితే డాక్టర్ చేత్తో కూడా చూడకుండా యాంటీబయాటిక్ రాసిస్తాడు. మూడో నెలలో ఇంకో డాక్టర్ ‘28 ఏళ్లకు క్యాన్సరేంటమ్మా’ అని నవ్వి పంపేస్తాడు. ఆ తర్వాత రంజాన్ వస్తుంది, పండగ వస్తుంది, మరిది పెళ్లి వస్తుంది. చంకలో కూడా గడ్డ తేలాక పెద్దాసుపత్రికి పరుగెడతారు. అప్పటికి ఎనిమిది నెలలు అయిపోయి ఉంటాయి.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. క్యాన్సర్ దవాఖానాల ఓపీల్లో ఊరూ పేరూ మారి మళ్లీ మళ్లీ వినబడేదే. ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు. అందరూ ఆ అమ్మాయికి ధైర్యం చెప్పాలనే చూశారు. ఎనిమిది నెలలు పోయింది ఆ ధైర్యంలోనే.

మన దగ్గర పదేళ్లు ముందే

భారతదేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం రొమ్ము క్యాన్సర్‌దే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2022కు వేసిన అంచనా ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో దేశంలో 1.92 లక్షల మందికి కొత్తగా ఈ జబ్బు బయటపడింది. 98 వేల మందికి పైగా చనిపోయారు. అమెరికా, యూరప్ దేశాల్లో ఇది ఎక్కువగా 60 దాటిన వాళ్ల జబ్బు. మన దగ్గర సగటున ఓ పదేళ్లు ముందే వస్తోంది. మన జనాభాలో చిన్న వయసు వాళ్లు ఎక్కువ కావడం అందుకు ఒక కారణం. కారణం ఏదైనా, 30ల్లో, 40ల్లో ఉన్న తల్లులు ఈ జబ్బుతో రావడం ఇక్కడి డాక్టర్లకు కొత్త కాదు.

అలాగని గడ్డ కనపడగానే గుండెలు బాదుకోవాల్సిన పనీ లేదు. చిన్న వయసులో చేతికి తగిలే గడ్డల్లో పదికి తొమ్మిది క్యాన్సర్ కావు. ఎక్కువగా ఫైబ్రోఎడినోమా అనే మామూలు కణితి ఉంటుంది. పట్టుకుంటే వేళ్ల కింద జారిపోతుంది. నీటి బుడగలు, చీము గడ్డలు, పాలు నిలిచి కట్టిన గడ్డలు కూడా ఉంటాయి. కొందరు బాలింతల్లో, యువతుల్లో టీబీ వల్ల కూడా రొమ్ములో గడ్డ వస్తుంది. చిక్కంతా ఆ మిగిలిన ఒక్కటి దగ్గరే ఉంది. అదేదో చేత్తో చూసి తేల్చడం ఎంత అనుభవం ఉన్న డాక్టర్‌కైనా సాధ్యం కాదు.

మెషీన్ ముందుగా పట్టేస్తుందనుకుంటే పొరపాటు

అక్టోబర్ వచ్చిందంటే గులాబీ రంగు ప్రకటనలు మొదలవుతాయి. ‘25 ఏళ్లు దాటితే మామోగ్రామ్ ప్యాకేజీ, సగం ధరకే’ అనే బోర్డులూ కనిపిస్తాయి. ఏ లక్షణమూ లేని, కుటుంబంలో ఎవరికీ ఈ జబ్బు లేని 25 ఏళ్ల అమ్మాయికి మామోగ్రామ్ తీయించడంలో లాభం దాదాపు లేదు. ఆ వయసులో రొమ్ము కణజాలం చిక్కగా ఉంటుంది, ఫిల్మ్‌లో తెల్లగా కనపడుతుంది. కణితి కూడా తెల్లగానే కనపడుతుంది. తెల్ల గోడ మీద తెల్ల మరక వెతికినట్టు ఉంటుంది వ్యవహారం. రిపోర్టు బాగుందని వస్తే లేని భరోసా కూడా మిగులుతుంది. అందుకే 30 లోపు వాళ్లకు గడ్డ ఉంటే డాక్టర్లు ముందు అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయిస్తారు. అవసరమైతేనే మామోగ్రామ్, ఎమ్మారై.

ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టిన పెద్ద అధ్యయనం ఒకటుంది. అక్కడి బస్తీల్లో 35 నుంచి 64 ఏళ్ల మధ్య ఉన్న 1,51,538 మంది ఆడవాళ్లను రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. ఆ కార్యకర్తలు డాక్టర్లు కారు, మామూలు చదువు చదివిన ఆడవాళ్లే. 20 ఏళ్ల తర్వాత లెక్క చూస్తే పరీక్ష చేయించుకున్న వాళ్లలో జబ్బు తొలి దశలో దొరికింది. 50 దాటిన వాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. ఈ ఫలితాలు 2021లో వచ్చాయి. కానీ 50 లోపు వాళ్లలో మాత్రం మరణాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల కనపడలేదు.

ఈ చివరి మాటను అవగాహన సభల్లో ఎవరూ పెద్దగా చెప్పరు. చిన్న వయసులో వచ్చే రకాలు చాలాసార్లు వేగంగా పెరుగుతాయి. రెండేళ్లకోసారి చేసే పరీక్షకూ పరీక్షకూ మధ్యలోనే మొలుచుకొస్తాయి. దేశంలో 30 దాటిన ఆడవాళ్లందరికీ ఆశా, ఏఎన్ఎంల ద్వారా ఉచిత రొమ్ము పరీక్ష చేయాలనే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ‘ఆరోగ్య మహిళ’ క్లినిక్కులలోనూ ఈ పరీక్ష ఉంది. పెద్దవాళ్లను తప్పకుండా పంపాలి. ఇంట్లో 28 ఏళ్ల కోడలో, 34 ఏళ్ల కూతురో ఉంటే మాత్రం గడ్డను మొదట పట్టుకునేది దాదాపు ఎప్పుడూ ఆమె చెయ్యే. చెయ్యి పట్టుకున్న రోజు నుంచి ముక్క పరీక్ష జరిగే రోజు దాకా ఎన్ని రోజులు పడతాయన్నది ఆమె చేతిలో కంటే ఇంటివాళ్ల చేతిలో ఎక్కువ ఉంటుంది.

ఏం చూడాలి

నెలకోసారి ఫలానా పద్ధతిలోనే, ఫలానా రోజే పరీక్ష చేసుకోవాలని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. చైనాలోని షాంఘైలో 2 లక్షల 66 వేల మంది మిల్లు కార్మికులతో చేసిన అధ్యయనంలో అలా నేర్పినా మరణాలు తగ్గలేదని 2002లో తేలింది. అందుకే ఇప్పుడు డ్రిల్లులా చేసుకోమనడం తగ్గింది. తన ఒళ్లు తనకు మామూలుగా ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి, మారితే చెప్పాలి, అంతే. స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో తడిమి చూసుకుంటే చాలు. నెలసరి మొదలైన వారం, పది రోజుల తర్వాతైతే రొమ్ము మెత్తగా ఉండి తేడా బాగా తెలుస్తుంది.

గట్టిగా, కదలకుండా ఉండే గడ్డ. చర్మం లోపలికి లాగినట్టు సొట్ట పడడం. కొత్తగా చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి రక్తం కలిసిన నీరు రావడం. ఒక్క వైపు చనుమొన మీదే మానని పుండో పొక్కో ఉండడం. చర్మం నారింజ తొక్కలా మందంగా అవడం. చంకలో గడ్డ. వీటిలో ఏ ఒక్కటున్నా చూపించుకోవాలి. నొప్పి లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం చాలామందిని ముంచింది. ఈ జబ్బు మొదట్లో చాలావరకు నొప్పి ఉండదు.

బాలింతల సంగతి వేరే చెప్పుకోవాలి. పాలిచ్చే రోజుల్లో రొమ్ము ఎలాగూ గట్టిగా, గడ్డలు గడ్డలుగా ఉంటుంది కాబట్టి అసలుది అందులో దాక్కుంటుంది. కాపడం పెట్టినా, బిడ్డకు పాలు పట్టించినా, మందులు వాడినా రెండు వారాల్లో పోని గడ్డకు స్కానింగ్ చేయించాల్సిందే. ఎర్రగా వాచి యాంటీబయాటిక్‌తో తగ్గని రొమ్ముకూ అంతే. చీము గడ్డలా కనపడే క్యాన్సర్ రకం ఒకటుంది, అది చాలా వేగంగా పాకుతుంది. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా అల్ట్రాసౌండ్ తీయొచ్చు, సూదితో ముక్క తీయొచ్చు. వాటివల్ల బిడ్డకు హాని లేదు. పాలివ్వడం వల్ల ఈ జబ్బు వచ్చే అవకాశం కొంత తగ్గుతుందన్నది నిజమే. కానీ పాలిచ్చిన వాళ్లకు రాదని ఎవరూ చెప్పలేదు.

రిపోర్టు చేతికొచ్చాక

రొమ్ములో గడ్డకు మూడు అంచెల పరీక్ష ఉంటుంది. డాక్టర్ చేత్తో చూడడం, స్కానింగ్, ముక్క పరీక్ష. మూడూ ఒకే మాట చెబితేనే నిశ్చింత. ఒక్కటి తేడాగా ఉన్నా అక్కడితో ఆపకూడదు.

స్కానింగ్ కాగితం చివర ‘బై-రాడ్స్’ అని రాసి ఒక అంకె వేస్తారు. ఇంట్లో చదువుకున్న పిల్లలు చూడాల్సింది దాన్నే. 1, 2 అంటే భయం లేదు. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతం లోపు, ఆరు నెలలకు మళ్లీ చూడాలి. ఆ ఆరు నెలల తేదీని క్యాలెండర్ మీద రాసుకునే ఇళ్లు తక్కువ. 4 లేదా 5 అంటే ముక్క పరీక్ష చేయించాల్సిందే, వాయిదా వేయకూడదు. 0 అంటే బాగుందని కాదు, పరీక్ష పూర్తి కాలేదని. సున్నా చూసి సంతోషపడి ఇంటికి వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు.

ముక్క పరీక్ష అనగానే ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడతారు. ‘సూది గుచ్చితే పాకుతుంది, కత్తి తగిలితే చెలరేగుతుంది’ అనే మాట ప్రతి ఊళ్లోనూ ఉంది. సూది వల్ల జబ్బు ముదరదు. ఆ మాట ఎందుకు పుట్టిందంటే, ఆలస్యంగా వెళ్లినవాళ్లు సూది గుచ్చాక కొన్నాళ్లకు పోయేవారు. నింద సూది మీద పడింది.

దీనికి ఎదురుగా ఇంకో తప్పు జరుగుతుంది. ముక్క పరీక్ష చేయకుండానే చిన్న నర్సింగ్ హోముల్లో గడ్డను కోసి తీసేస్తారు. తీసిన గడ్డను ల్యాబ్‌కు పంపరు, పంపినా రిపోర్టు తెచ్చుకోమని ఎవరూ చెప్పరు. తర్వాత అది క్యాన్సరని తేలితే ఎంత మేర ఉందో, అంచులు శుభ్రంగా వచ్చాయో లేదో తెలియదు. మళ్లీ ఆపరేషన్ తప్పదు. శరీరంలోంచి తీసిన ఏ ముక్కైనా ల్యాబ్‌కు పోవాలి. ఈ ఒక్క మాట మీద ఇంటివాళ్లు గట్టిగా నిలబడితే చాలా నష్టం తప్పుతుంది.

క్యాన్సర్ అని తేలితే ఆ ముక్క మీదే ఇంకో మూడు పరీక్షలు చేస్తారు. ఈఆర్, పీఆర్, హెర్2. మందు దేనికి లొంగుతుందో వీటితోనే తెలుస్తుంది. మూడూ నెగెటివ్ వస్తే ట్రిపుల్ నెగెటివ్ అంటారు. చిన్న వయసు వాళ్లలో ఈ రకం ఎక్కువగా కనపడుతుంది. నెగెటివ్ అని ఉంది కాబట్టి మంచిదే అనుకుని మిఠాయిలు పంచకండి. హెర్2 పాజిటివ్ వాళ్లకు ట్రాస్టుజుమాబ్ అనే మందు ఉంది. 2014లో బయోకాన్ దీన్ని మన దేశంలోనే తయారుచేసి తెచ్చింది, తర్వాత మరికొన్ని కంపెనీలూ వచ్చాయి, ధర తగ్గింది.

పరదా, సంబంధాలు, సిగ్గు

ముస్లిం ఇళ్లలో మొదటి అడ్డంకి డాక్టర్ మగవాడా, ఆడమనిషా అన్నది. లేడీ డాక్టర్‌ను అడగడంలో తప్పేమీ లేదు, అడిగే హక్కు ఉంది. మామోగ్రామ్ తీసేది ఎక్కువచోట్ల ఆడ టెక్నీషియన్లే. స్కానింగ్ చేసే డాక్టర్ మగవాడైతే నర్సును గదిలో ఉండమని అడగొచ్చు. ఆపానో, ఖాలానో, భర్తో పక్కన ఉండొచ్చు. లేడీ డాక్టర్ దొరికేదాకా అని నెలల తరబడి ఆగడానికి మాత్రం దీన్‌లోనూ ఆధారం లేదు. అవసరం వచ్చినప్పుడు, ఆడ డాక్టర్ దొరకనప్పుడు మగ డాక్టర్ చేత చూపించుకోవచ్చని ఉలమాలు ఎప్పటినుంచో చెబుతున్నదే.

రెండో అడ్డంకి బయటకు చెప్పరు. పెళ్లి కాని అమ్మాయైతే ‘రిష్తాలు రావు’ అనే భయం. చెల్లెళ్లకూ రావనే భయం. పెళ్లయినదైతే మొగుడు వదిలేస్తాడేమోనన్న భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, అలా వదిలేసిన వాళ్లు ఉన్నారు. అందుకే అమ్మాయి గడ్డ సంగతి వారాల తరబడి తనలోనే దాచుకుంటుంది. ఆమె నోరు విప్పడానికి ఎవరో ఒకరు ముందు అడగాలి. భాబీ అడగొచ్చు, ఫుప్పు అడగొచ్చు. భర్త ‘రేపు సెలవు పెడతాను, పోదాం పద’ అంటే ఆ రోజుతో సగం పని అయిపోతుంది.

పేరున్నవాళ్లు బయటకు చెప్పడం ఈ సిగ్గును కొంత కరిగించింది. శ్రీనగర్‌లో పుట్టిన టీవీ నటి హీనా ఖాన్ 2024 జూన్‌లో తనకు మూడో దశ రొమ్ము క్యాన్సర్ అని స్వయంగా ప్రకటించారు. అప్పుడామె వయసు 36. జుట్టు కత్తిరించుకుంటున్న వీడియోలో పక్కనే ఏడుస్తున్న ఆమె తల్లి కూడా కనిపిస్తుంది. తెలుగు వాళ్లకు నటి గౌతమి సంగతి తెలిసిందే. 35 ఏళ్ల వయసులో జబ్బు బయటపడితే చికిత్స చేయించుకుని కోలుకున్నారు, తర్వాత రోగుల కోసం సంస్థ పెట్టారు.

తండ్రి వైపు చూశారా

‘మిర్చి’, ‘అత్తారింటికి దారేది’ సినిమాల్లో కనిపించిన హంసా నందిని 2021 డిసెంబర్‌లో చెప్పిన విషయం ఇంకా ముఖ్యమైనది. రొమ్ములో గడ్డ చేతికి తగిలి వెంటనే పరీక్షలకు వెళ్లారు. క్యాన్సరని తేలింది. ఆమె తల్లి అప్పటికి 18 ఏళ్ల కిందట ఇదే జబ్బుతో చనిపోయారు. జన్యు పరీక్ష చేస్తే బీఆర్‌సీఏ1 మార్పు ఉన్నట్టు వచ్చింది.

బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనేవి అందరి ఒంట్లోనూ ఉండే జన్యువులు. దెబ్బతిన్న కణాన్ని బాగుచేయడం వాటి పని. పుట్టుకతోనే వాటిలో ఒకటి చెడి ఉన్న ఆడవాళ్లకు జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 60 శాతానికి పైనే. అండాశయ క్యాన్సర్ ముప్పు కూడా ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరిలో ఈ మార్పు ఉన్నా ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. తండ్రి నుంచి కూడా వస్తుంది. చాలామంది డాక్టర్ అడిగితే అమ్మ, నానీ, ఖాలాల గురించి చెప్పి ఊరుకుంటారు. దాదీకి, ఫుప్పుకు ఏం వచ్చిందో చెప్పరు, అడగరు. మేనరికాల వల్లే ఈ జబ్బు వస్తుందని కొందరు అనుకుంటారు, అది కాదు. ఒక వైపు నుంచి వచ్చిన ఒక్క చెడ్డ ప్రతి చాలు.

ఇంట్లో ఎవరికైనా 50 లోపు రొమ్ము క్యాన్సర్ వచ్చినా, ట్రిపుల్ నెగెటివ్ అయినా, అండాశయ క్యాన్సర్ ఉన్నా, మగవాళ్లలో రొమ్ము క్యాన్సర్ వచ్చినా జన్యు పరీక్ష గురించి అడగాలి. రక్తంతోనో, ఉమ్మితోనో చేస్తారు. ముందు చేయాల్సింది జబ్బు వచ్చిన మనిషికే. ఆమెలో మార్పు దొరికితే అక్కచెల్లెళ్లూ, అన్నదమ్ములూ, పిల్లలూ అదే మార్పు కోసం చూపించుకోవచ్చు. ఉన్నట్టు తేలిన ఆడవాళ్లకు 25వ ఏట నుంచి ఏటా ఎమ్మారై, 30 నుంచి మామోగ్రామ్ కూడా చేయిస్తారు.

మందు మొదలయ్యే ముందు

చిన్న వయసు వాళ్ల విషయంలో అడగడం మరిచిపోయే ప్రశ్న ఒకటుంది. పిల్లలు. కీమోతో అండాలు దెబ్బతినవచ్చు. మొదటి డోసుకు ముందే అడిగితే అండాలను, పెళ్లయిన వాళ్లైతే పిండాలను దాచిపెట్టే దారి ఉంది. రెండు వారాల పని. మొదటి సైకిల్ అయిపోయాక అడిగితే డాక్టర్ ఏమీ చేయలేకపోవచ్చు. హార్మోన్ పాజిటివ్ రకం ఉండి ఏళ్ల తరబడి మాత్రలు వాడేవాళ్లు ఏడాదిన్నర తర్వాత డాక్టర్ సలహాతో కొంతకాలం ఆపి బిడ్డను కన్నా, జబ్బు తిరగబెట్టడం పెరగలేదని 2023లో ఒక అంతర్జాతీయ అధ్యయనం మొదటి ఫలితాలు చెప్పాయి.

రొమ్ము మొత్తం తీసేస్తారేమోనన్న భయమూ ఉంటుంది. తొలి దశలో గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా, మొత్తం తీసినా బతికే అవకాశం ఒకటేనని అమెరికా, ఇటలీల్లో 20 ఏళ్లు గమనించి తేల్చారు. అడగకపోతే ఈ దారి ఉందని కూడా కొన్నిచోట్ల చెప్పరు.

ఎక్కడికి వెళ్లాలన్నది తర్వాతి చిక్కు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆ మూడక్షరాలు మెహదీ నవాజ్ జంగ్ పేరు. హైదరాబాద్‌లో మంత్రిగా చేసి, 1960లో గుజరాత్ మొదటి గవర్నర్ అయినాయన. నిమ్స్ ఉంది, విశాఖ వైపు వాళ్లకు హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవలోనూ క్యాన్సర్ చికిత్స ఉంది. అయితే ఈ పథకాలు చాలావరకు జబ్బు ఖరారయ్యాకే అక్కరకొస్తాయి. మొదటి స్కానింగ్, ముక్క పరీక్ష డబ్బులు చాలాసార్లు జేబులోంచే పోతాయి. అన్న, మామ, కుటుంబంలో సంపాదించేవాళ్లు ఎవరైనా సాయం చేయాల్సింది ఆ చిన్న మొత్తానికే, ఆ మొదటి వారంలోనే. అమెరికా లెక్కల్లో జబ్బు రొమ్ముకే పరిమితమై ఉండగా దొరికితే ఐదేళ్ల తర్వాత బతికి ఉండేవాళ్లు 100కు 99 మంది. దూరపు అవయవాలకు పాకాక దొరికితే దాదాపు 30 మంది.

దవాఖానాకు వెళ్లేటప్పుడు ఇంట్లో ఒకరు ఫైలు బాధ్యత తీసుకోవాలి. డాక్టర్ చెప్పేది రోగికి భయంలో సగమే వినబడుతుంది. పక్కనున్న తమ్ముడో, కూతురో కాగితం మీద రాసుకోవాలి. ‘క్యాన్సర్ కాదని ఎలా తెలుసు డాక్టర్ గారూ, ముక్క పరీక్ష ఎందుకొద్దు?’ అని మర్యాదగా, తడబడకుండా అడగాలి. జవాబు ‘చిన్న వయసు కదా’ అని మాత్రమే వస్తే ఇంకో డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. చికిత్స అయిపోయాక ఆ ఫైలును అటక మీద పడేయకూడదు. పై అట్ట మీద ఆమెకు ఎన్నో ఏట జబ్బు బయటపడిందో రాసిపెట్టాలి. తల్లికి 42వ ఏట వస్తే కూతురికి 32 నుంచే, అంటే పదేళ్లు ముందునుంచే పరీక్షలు మొదలుపెట్టాలని డాక్టర్లు చెబుతారు. ఆ రోజు డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ‘మీ అమ్మగారికి ఎన్నో ఏట వచ్చింది?’ అనే.